పంచదారా, ఫ్లోరైడా? అందరి పళ్లూ పుచ్చకుండా ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఒక ప్రాంతంలోని పిల్లలందరికీ పుచ్చు పళ్లు తగ్గాలంటే డబ్బు, శ్రమ దేనిమీద పెట్టాలి? మీ కమిటీలో ఒకరు "పుచ్చుకు మూలం పంచదార, దాన్ని వదిలేసి ఫ్లోరైడ్ వెనకపడటం ఎందుకు" అంటున్నారు. ఇంకొకరు "ఫ్లోరైడ్ విషం, దాని జోలికే వెళ్లొద్దు" అంటున్నారు. మూడోవారు "పళ్లు సరిగా తోముకోవడం నేర్పితే చాలు" అంటున్నారు. ముగ్గురిలో ఎవరి మాట పట్టుకోవాలో తెలియట్లేదని రాశారు.

నేను ఇరవై ఆరేళ్లుగా దంతవైద్యంలో ఉన్నాను. మొదటి ఎనిమిదేళ్లు పళ్లు పీకడం, ఫిల్లింగులు చేయడంతోనే గడిచాయి. తరవాత అంతా బడుల్లో సర్వేలు, నివారణ కార్యక్రమాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటివారు చెప్పిన కారణం నిజం, దాన్నుంచి తేల్చిన నిర్ణయం తప్పు. పళ్లను పుచ్చబెట్టేది పంచదారే. ఫ్లోరైడ్ ఆ పుచ్చును నెమ్మదింపజేస్తుంది. జబ్బు ఏళ్ల తరబడి మెల్లగా సాగేది కాబట్టి, నెమ్మదింపజేయడం కూడా చాలా పెద్ద సాయం. కానీ అది జబ్బును లేకుండా చేయడం కాదు.

ఎందుకో చెప్పాలంటే నోటిలో జరిగేది చూడాలి. పన్ను పైపొర ఎనామెల్, కాల్షియం, ఫాస్ఫేట్‌లతో కట్టిన గట్టి స్ఫటికం. దానిమీద ఎప్పుడూ పల్చగా పాచి ఉంటుంది, పాచిలో బ్యాక్టీరియా ఉంటుంది. పంచదార అందితే అవి దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. స్టీఫన్ అనే పరిశోధకుడు 1940లలో దీన్ని కొలిచి చూపించారు. గ్లూకోజ్ నీళ్లు పుక్కిలించిన కొద్ది నిమిషాలకే పాచిలో పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) దబ్బున పడిపోతుంది, మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్ నుంచి కాల్షియం కరిగి బయటికి పోతుంది. పీహెచ్ మళ్లీ పైకి వచ్చాక ఉమ్మిలో ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి వచ్చి చేరతాయి. ఈ జమాఖర్చు రోజంతా ప్రతి నోటిలోనూ నడుస్తూనే ఉంటుంది. నెలల తరబడి జమకంటే ఖర్చే ఎక్కువైతే అప్పుడు పన్ను పుచ్చుతుంది.

మొదట కనిపించేది గుంట కాదు, చిగుళ్ల దగ్గర సున్నం పూసినట్టు ఒక తెల్లటి మచ్చ. ఆ దశలో పన్నును వెనక్కి తెచ్చుకోవచ్చు. తల్లిదండ్రులు చాలామంది ఆ మచ్చను పట్టించుకోరు, పట్టించుకోవాలని వాళ్లకు ఎవరూ చెప్పరు కూడా. నల్లగా గుంట పడ్డాక తీసుకొస్తారు. రాత్రంతా తీపి పాల సీసా నోట్లో పెట్టుకుని పడుకునే పిల్లలకు పై ముందుపళ్లు నాలుగూ మొదళ్ల దాకా అరిగిపోయి ఉండటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది, ఆమ్లాన్ని కడిగేది ఉండదు. ఆ తల్లులెవరూ అశ్రద్ధ చేసినవాళ్లు కారు. బిడ్డ ఏడుపు ఆపడానికి ఇంట్లో పెద్దవాళ్లు నేర్పిందే చేశారు.

ఇక పంచదార సంగతి. దీనికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం స్వీడన్‌లోని విపెహోల్మ్ ప్రయోగం, అన్నిటికంటే బాధాకరమైనదీ అదే. లుండ్ పట్టణంలో మానసిక వైకల్యం ఉన్నవారి ఆశ్రమంలో, 1940ల రెండో సగంలో, అక్కడి వారికి రకరకాలుగా తీపి పెట్టి పళ్లు ఎలా పుచ్చుతాయో చూశారు. వాళ్ల అనుమతి ఎవరూ అడగలేదు. ఈ రోజు అలాంటి ప్రయోగానికి ఎక్కడా అనుమతి దొరకదు, దొరకకూడదు. ఆ మనుషుల పళ్లు పోయి మనకు తెలిసిన విషయం కాబట్టి దాన్ని కనీసం సరిగా వాడుకోవాలని నేను అనుకుంటాను. భోజనంతో పాటు తీసుకున్న తీపి, మోతాదు ఎక్కువైనా, పుచ్చును అంతగా పెంచలేదు. భోజనాల మధ్య పళ్లకు అతుక్కునే టాఫీలు తిన్నవారికి మాత్రం పుచ్చు విపరీతంగా పెరిగింది. టాఫీలు ఆపేశాక ఆ వేగం తగ్గింది. స్టీఫన్ గీసిన గ్రాఫును దీని పక్కన పెట్టి చూస్తే కారణం తెలిసిపోతుంది. ఒకేసారి తింటే పీహెచ్ ఒకసారి పడుతుంది. అదే తీపిని ఎనిమిదిసార్లుగా తింటే ఎనిమిదిసార్లు పడుతుంది, మధ్యలో పన్ను కోలుకోవడానికి టైమ్ దొరకదు.

అయితే దీన్ని పట్టుకుని "ఎంత తిన్నా పర్లేదు, ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యం" అని చెప్పేవాళ్లున్నారు. ఒకప్పుడు నేనూ క్లాసుల్లో అలాగే చెప్పాను, ఇప్పుడు చెప్పను. జనాభా లెక్కల్లో చూస్తే మొత్తం మోతాదు కూడా అంతే ముఖ్యం, నిజానికి ఈ రెండూ విడదీయలేనంతగా కలిసి పెరుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పంచదార కరువైన దేశాల్లో, ఒకటి రెండేళ్లు ఆలస్యంగా, పిల్లల పళ్లలో పుచ్చు తగ్గింది. జపాన్‌లో యుద్ధానికి ముందు తలసరి ఏడాదికి 15 కిలోలున్న పంచదార వాడకం 1946 నాటికి 0.2 కిలోకి పడిపోయింది, పుచ్చు కూడా దాంతోపాటు పడింది. పంచదార మళ్లీ మార్కెట్‌లోకి వచ్చాక అదీ తిరిగొచ్చింది. అప్పట్లో ఫ్లోరైడ్ పేస్టులు లేవు, కాబట్టి పంచదార ఒక్కదాని ప్రభావం అంత స్పష్టంగా కనిపించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, రోజూ తీసుకునే శక్తిలో కలిపిన తీపి నుంచి వచ్చేది 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు, 5 శాతం అంటే 25 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ. ఆ 5 శాతం లెక్కకు ముఖ్యమైన ఆధారం పళ్లే. ఈ లెక్కలో తేనె, పండ్ల రసాలు, సిరప్పులు కూడా వస్తాయి, చాలామంది ఇక్కడే పొరబడతారు. పండును పండుగా తింటే, మామూలు పాలు తాగితే అవి ఈ లెక్కలోకి రావు.

ఇప్పుడు ఫ్లోరైడ్. దీని కథ మచ్చలతో మొదలైంది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెడితే, అక్కడే పుట్టి పెరిగినవాళ్ల పళ్లమీద గోధుమరంగు మరకలు కనిపించాయి. ఆ మరకల పళ్లు అంత తేలిగ్గా పుచ్చవని కూడా ఆయన గమనించారు. కారణం తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది: 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త ఇలాంటి మరకలున్న ఊళ్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని పట్టుకున్నారు. తరవాత ట్రెండ్లీ డీన్ ఊరూరా నీళ్లనూ పళ్లనూ పోల్చి చూసి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర పుచ్చు బాగా తగ్గుతుందని, వికారమైన మరకలు మాత్రం రావని తేల్చారు. 1945 జనవరి 25న మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణం ప్రపంచంలో మొదటిసారి తాగునీటిలో ఫ్లోరైడ్ కలిపింది. ఆ తరవాత పుట్టిన పిల్లల్లో, పదిహేనేళ్లకు చూస్తే, పుచ్చు 60 శాతానికి పైగా తగ్గింది.

ఆ ఫలితం ఒక తప్పుడు అవగాహనకు కూడా దారితీసింది. ఫ్లోరైడ్‌ను మింగితే అది ఎదుగుతున్న పన్నులోకి చేరి దాన్ని శాశ్వతంగా గట్టిపరుస్తుందని చాలాకాలం నమ్మారు. 1980ల నుంచి అర్థమైంది వేరు. ఫ్లోరైడ్ పని ఎక్కువగా పన్ను నోట్లోకి వచ్చాకే, పైపైనే జరుగుతుంది. పాచిలో, ఉమ్మిలో అది కొద్దిగా ఉన్నా కరగడం తగ్గుతుంది, తిరిగి చేరడం వేగం పెరుగుతుంది, అలా చేరిన పొర మునుపటికంటే ఆమ్లాన్ని బాగా తట్టుకుంటుంది. అంటే రోజూ కొద్దికొద్దిగా పళ్లకు తగులుతూ ఉండాలి, అది ఏ రూపంలో అందినా సరే. కమిటీలో నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క విషయం అందరికీ అర్థమయ్యేలా చెప్పండి.

ఎందుకంటే నీటి ఫ్లోరైడ్ విలువ కాలంతో మారింది. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో పాత అధ్యయనాలన్నీ కూర్చి చూసినప్పుడు పాలపళ్లలో 35 శాతం, శాశ్వత దంతాల్లో 26 శాతం తగ్గుదల కనిపించింది. కానీ ఆ అధ్యయనాలు ఎక్కువగా 1975కు ముందువి, ఫ్లోరైడ్ పేస్టు అందరి ఇళ్లలోకీ రాని కాలంవి. అదే సంస్థ 2024లో కొత్త అధ్యయనాలను విడిగా చూస్తే పాలపళ్లలో లాభం సగటున పిల్లకు పావు పన్ను దగ్గరికి తగ్గింది, అది కూడా పూర్తి నమ్మకంతో చెప్పలేని లెక్క. దీన్ని చూసి "నీటి ఫ్లోరైడ్ పనిచేయదు" అని ప్రచారం చేస్తున్నారు. అది సరికాదు. పేస్టు చాలావరకు చేసేసిన పనిమీద నీళ్లు అదనంగా ఇచ్చేది తక్కువ, అంతే. పేస్టు రోజూ అందని పిల్లల సంగతి వేరు. కెనడాలోని కాల్గరీ నగరం 2011లో ఫ్లోరైడ్ కలపడం ఆపేసింది, అదే రాష్ట్రంలోని ఎడ్మంటన్ ఆపలేదు. ఏడెనిమిదేళ్ల తరవాత రెండో తరగతి పిల్లలను చూస్తే కాల్గరీలో దాదాపు 65 శాతం మందికి, ఎడ్మంటన్‌లో 55 శాతం మందికి పుచ్చు ఉంది. 2021లో ఓటు పెడితే కాల్గరీ ప్రజలు మళ్లీ కావాలన్నారు, 2025లో తిరిగి మొదలుపెట్టారు. అలాగని నీటిలో కలపకపోతే పుచ్చు తగ్గదని కూడా కాదు. నెదర్లాండ్స్ 1970లలో ఆపేసింది, డెన్మార్క్, స్వీడన్ నీళ్లలో కలపవు, అయినా 1970ల నుంచి ఆ దేశాల పిల్లల పళ్లు ఎంతో బాగుపడ్డాయి. దానికి ముఖ్య కారణం ఫ్లోరైడ్ పేస్టు అని ఈ రంగంలో చాలామంది ఒప్పుకుంటారు, నేను కూడా.

పేస్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫ్లోరైడ్ లేని పేస్టుతో పోలిస్తే ఉన్న పేస్టు శాశ్వత దంతాల పుచ్చును సగటున 24 శాతం తగ్గిస్తుంది. ఆ పేస్టులో ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఉండాలి, ట్యూబు మీద చూసుకోండి. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు, తోమేది పెద్దవాళ్లే. రోజుకు రెండుసార్లు, అందులో ఒకటి రాత్రి పడుకునే ముందు. తోమాక ఉమ్మేయాలి, నీళ్లతో పుక్కిలించి కడిగేయకూడదు. కడిగేస్తే పళ్లమీద ఉండాల్సిన ఫ్లోరైడ్ నీళ్లతో పాటే పోతుంది. ఈ చివరి మాట చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, అంటే దీన్ని అందంకోసం వాడే సరుకుగా కాక మందుగా చూడమని.

మీ మూడో సభ్యుడు చెప్పిన "నేర్పితే చాలు" అన్నదానితో నాకు పెద్ద పేచీ ఉంది, ఎందుకంటే నా కెరీర్‌లో ఎన్నో ఏళ్లు దానిమీదే పోయాయి. బడికి వెళ్లి పోస్టర్లు పెట్టి, పెద్ద బ్రష్షు బొమ్మతో చూపించి, పిల్లల చేత చెప్పించి వచ్చేవాళ్లం. ఆరు నెలలకు వెళ్తే ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పేవారు. పళ్లు మాత్రం అలాగే ఉండేవి. జ్ఞానం పెరుగుతుంది, అలవాటు నిలవదు. పైగా ఇంట్లో వీలున్న పిల్లలే మన మాటను అమల్లో పెడతారు, అవసరం ఎక్కువున్న పిల్లలు అక్కడే ఉండిపోతారు. చివరికి తేడా ఇంకా పెరుగుతుంది. దీన్ని గుర్తించడానికి నాకు అన్నేళ్లు పట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దీనికి జవాబుగా నేను చూపించేది స్కాట్లాండ్. అక్కడ పిల్లలకు చెప్పి ఊరుకోలేదు. నర్సరీల్లో ప్రతిరోజూ, టీచర్ల పర్యవేక్షణలో, ఫ్లోరైడ్ పేస్టుతో అందరిచేతా తోమించారు. ఎక్కువ అవసరమున్న పిల్లలకు ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్ వార్నిష్ పూశారు. ఈ మొత్తం కార్యక్రమం పేరు చైల్డ్‌స్మైల్. 2003లో ఒకటో తరగతి పిల్లల్లో 45 శాతం మందికి పుచ్చు లేదు, 2020 నాటికి ఆ సంఖ్య 73 శాతం దాటింది. నీళ్లలో ఏమీ కలపలేదు. వార్నిష్ విషయానికొస్తే, అది పన్నుమీద పూత, రెండు నిమిషాల పని, నొప్పి ఉండదు, శాశ్వత దంతాల్లో సుమారు 43 శాతం, పాలపళ్లలో 37 శాతం పుచ్చు తగ్గిస్తుందని కాక్రేన్ 2013లో లెక్కతేల్చింది.

జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్య పరిశోధకుడు 1985లో చెప్పిన ఒక విషయం ఇక్కడ పనికొస్తుంది. కొద్దిగా ప్రమాదంలో ఉన్న ఎక్కువమంది నుంచే, బాగా ప్రమాదంలో ఉన్న కొద్దిమందికంటే, ఎక్కువ జబ్బు పుడుతుంది. పుచ్చు సరిగ్గా అలాంటిది, అందుకే నివారణ అందరినీ చేరాలి. పైగా అది పిల్లలతో ఆగిపోయే జబ్బు కాదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యి మందిని దశాబ్దాలుగా చూస్తున్నారు. బాల్యంలో పుచ్చు వచ్చి తరవాత ఆగిపోతుందనుకున్నాం కదా, అక్కడ అది దాదాపు ఒకే వేగంతో పెద్దయ్యాక కూడా సాగుతూనే ఉంది. "పిల్లలకు పన్నెండేళ్లొచ్చాయి, పళ్లు బాగున్నాయి, పని అయిపోయింది" అనుకోవడానికి లేదు. ఫ్లోరైడ్ వాయిదా వేసిన పుచ్చు నలభైలలో, అరవైలలో వస్తుంది. చిగుళ్లు కిందికి జారి వేళ్లు బయటపడితే మరీ త్వరగా వస్తుంది, ఎందుకంటే వేరు భాగం ఎనామెల్ కరిగేదానికంటే తక్కువ ఆమ్లానికే కరుగుతుంది. నోరు ఎండిపోయేలా చేసే మందులు వాడే పెద్దవాళ్లలో నేను చూసిన పుచ్చు ఏ పిల్లల్లోనూ చూడలేదు. అందుకే పంచదారను పక్కన పెట్టి ఫ్లోరైడ్ ఒక్కదానితో గట్టెక్కుదామంటే నేను ఒప్పుకోను.

అయితే పంచదార తగ్గించడం కూడా మనుషులకు నీతులు చెప్పి అయ్యే పని కాదు. బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో శీతల పానీయాల మీద పన్ను (టాక్స్) పెట్టినప్పుడు, 100 మిల్లీలీటర్లకు పంచదార 5 గ్రాములు, ఆపైన ఉంటే ఒక రేటు, 8 గ్రాములు, ఆపైన ఉంటే ఇంకో రేటు అంది. పన్ను తప్పించుకోవడానికి కంపెనీలే పంచదార తగ్గించాయి. తాగేవాళ్లు ఏమీ మార్చుకోకుండానే లోపలికి వెళ్లే పంచదార తగ్గింది. తరవాత ఇంగ్లండ్‌లో పుచ్చు కారణంగా ఆసుపత్రిలో పళ్లు పీకించుకునే పిల్లల సంఖ్య, ఆ టాక్స్ లేకపోతే ఉండేదానికంటే సుమారు 12 శాతం తక్కువైందని ఒక అధ్యయనం తేల్చింది. మీ కమిటీ పన్నులు వేయలేకపోవచ్చు. బడి ఆవరణలో ఏం అమ్మాలో, పుట్టినరోజుకు ఏం పంచాలో, తాగడానికి మంచినీళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో నిర్ణయించగలదు.

"ఫ్లోరైడ్ విషం" అన్న సభ్యుడి మాటను దయచేసి కొట్టిపారేయకండి. మోతాదు మించితే అది నిజంగా హాని చేస్తుంది. తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలో, చైనా, భారతదేశాల్లోని కొన్ని ప్రాంతాల్లో భూగర్భ జలాల్లోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండి, ఏళ్ల తరబడి తాగినవారి ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయాయి. నడుము వంగిపోయిన మనుషులను చూసినవారికి ఆ భయం ఉండటం సహజం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అమెరికా 2015లో తన సిఫారసును 0.7కు తగ్గించింది, ఎందుకంటే ఇప్పుడు పేస్టు నుంచి, ఆహారం నుంచి కూడా అందుతోంది, ఫ్లోరైడ్ వల్ల పళ్లమీద వచ్చే తేలికపాటి మచ్చలు పెరిగాయి. పిల్లల తెలివితేటల మీద ప్రభావం గురించి అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో నివేదిక ఇచ్చింది: 1.5 మిల్లీగ్రాములకు మించిన చోట ఐక్యూ తగ్గడంతో సంబంధం ఉందని మోస్తరు నమ్మకంతో చెప్పింది, 0.7 దగ్గర ఏమవుతుందో తేల్చడానికి తగినంత సమాచారం లేదంది. ఇది దాచాల్సిన విషయం కాదు, చెప్పి మాట్లాడుకోవాల్సిన విషయం. కొలవకుండా నీళ్లలో ఏమీ కలపకూడదన్నది మాత్రం ఎప్పుడైనా వర్తిస్తుంది. సహజంగానే 0.7 ఉన్న చోట కలపాల్సిన పనే లేదు, 1.5 దాటిన చోట తీసేయాలి, ఆ పని పుచ్చుకంటే ముందు రావాలి.

నా చేతుల్లో ఉంటే మీ దగ్గర ఈ వరసలో వెళ్తాను. ముందు అన్ని తాగునీటి వనరుల్లో ఫ్లోరైడ్ కొలిపిస్తాను. అది ఎక్కువ లేదని తేలితే నర్సరీల్లో, చిన్న తరగతుల్లో రోజూ పేస్టుతో తోమించడం మొదలుపెడతాను, డబ్బులో పెద్ద వాటా దానికే. వార్నిష్ అన్నిటికంటే అవసరమైన బడులకు. బడి చుట్టూ తీపి పానీయాలు లేకుండా చేయడం అదే నెలలో, ఎందుకంటే దానికి ఖర్చు లేదు, గొడవ మాత్రమే ఉంది. పాల సీసా గురించి తల్లులతో మాట్లాడటం బిడ్డకు టీకాలు వేసే రోజునే, దానికి వేరే మీటింగు పెడితే ఎవరూ రారు. నీటిలో కలపడం గురించి చర్చ ఆఖరున, నీళ్లు ఒకే చోట శుద్ధి అయి అందరికీ పైపుల్లో వెళ్లే ఏర్పాటు ఉంటేనే.

వీటన్నిటికంటే ముందు ఇంకో పని ఉంది, దాన్ని ఎగ్గొట్టకండి. గ్రాండ్ రాపిడ్స్‌లో నీళ్లలో ఫ్లోరైడ్ కలపకముందే పిల్లల పళ్లు చూసి లెక్క రాసి పెట్టుకున్నారు, పోల్చడానికి పక్కన మస్కీగన్ పట్టణంలో కూడా చూశారు. మీరూ అయిదేళ్ల పిల్లలను, పన్నెండేళ్ల పిల్లలను కొన్ని బడుల్లో చూడండి. పుచ్చిన పళ్లు, ఫిల్లింగు చేసినవి, పీకించుకున్నవి, ఇంకా ఆ తెల్లమచ్చలు విడివిడిగా రాయించండి. కార్యక్రమం ఏడాది ఆలస్యంగా మొదలయ్యే బడులు ఎలాగూ కొన్ని ఉంటాయి కాబట్టి వాటినీ అదే రోజుల్లో చూడండి. నమూనా పత్రం కావాలంటే అడగండి, మేం వాడేది ఒక పేజీయే, పంపిస్తాను.